రెండో అంతస్తు బఠాణీ తీగ

బాల్కనీ మీద మంచు పూర్తిగా కరిగాక సొలాంజ్ చేసే మొదటి పని, నిరుటి మట్టి కుండీలను బోర్లించి వేలి కణుపుతో తట్టి చూడడం. గట్టి కుండీ ఖంగుమంటుంది. చలికి లోపలి తడి గడ్డకట్టి బీట తీసిన కుండీ పైకి ఎంత చక్కగా కనబడినా, జలుబు చేసిన మనిషిలా బొంగురుగా పలుకుతుంది. ఇది కళ్ళతో చేసే పరీక్ష కాదు, చెవులతో చేసేది. ఆ ఏడు ఏప్రిల్లో కూడా ఆమె స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు వేసుకుని, చిన్న పీట మీద కూర్చుని ఒక్కో కుండీనీ తడుతూ ఉంటే, కింది వాటాలోంచి ఇంటి యజమానురాలు యుగెట్ తల బయటపెట్టింది.

"ఎవరే అది, తలుపు కొట్టేది?"

"నేనే. కుండీలు చూసుకుంటున్నా."

"ఏటా ఇదే గోల. అందరిళ్ళలో వసంతం వచ్చిందని పిట్టలు చెబుతాయి. మనింట్లో మట్టి కుండీలు చెబుతాయి," అని యుగెట్ కాఫీ కప్పుతో మళ్ళీ లోపలికి పోయింది.

మాంట్రియల్ నగరంలో, వెర్డన్ పేటలో ఉంది ఆ ఇటుకల ఇల్లు. మూడు వాటాలు, ఒకదాని మీద ఒకటి. వీధిలోంచి ఇనప మెట్లు ఒక మెలిక తిరిగి రెండో అంతస్తు బాల్కనీకి చేరతాయి. ఆ బాల్కనీ మీద రెండు తలుపులు. ఒకటి సొలాంజ్‌ది. రెండోది తీస్తే ఇరుకు మెట్లు నిటారుగా మూడో అంతస్తుకు పోతాయి. అంటే మూడో అంతస్తు మనిషి వచ్చినా పోయినా సొలాంజ్ బాల్కనీ దాటాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందుముందు పనికొస్తుంది.

మూడో అంతస్తు మనిషి నోర్మాన్. పేటలోని స్కేటింగ్ మైదానంలో మంచును నున్నగా చదును చేసే బండి తోలేవాడు. చలికాలమంతా వెనక్కి తిరిగి చూసుకుంటూ, గీతలు పడ్డ మంచును అద్దంలా చేసుకుంటూ పోవడమే ఆయన ఉద్యోగం. ఏనాడో విడాకులైపోయిన మనిషి. మాట తక్కువ. సొలాంజ్ భర్త పోయి కూడా చాలాకాలమైంది. ఆమె చేతి తొడుగుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైంది. ఏటా డిసెంబర్లో నోర్మాన్‌కు ఒక జత తొడుగులు కుట్టి తలుపు గొళ్ళేనికి తగిలించేది. కొలత ఎన్నడూ తీసుకోలేదు, ఎప్పుడూ తప్పు పోలేదు. ఏప్రిల్ రాగానే ఆయన తన చిన్న ట్రక్కులో ఆమెను కాలవ పక్క మార్కెట్‌కు తీసుకెళ్ళేవాడు, బాల్కనీకి మొక్కలు ఎంచడానికి. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆ శనివారం ఎండ కాసింది. వీధి మలుపుల్లో మసిపట్టిన మంచు కుప్పలు ఇంకా అలాగే ఉన్నాయి, అయినా జనం కోట్లు విప్పి భుజాన వేసుకుని, కళ్ళు సగం మూసుకుని, నిద్రలో నడిచేవాళ్ళలా ఎండవైపు మొహాలు తిప్పుకుని నడుస్తున్నారు. ఆ ఊరివాళ్ళంతా ఏటా ఒకే తప్పు చేస్తారు. మొదటి వెచ్చటి రోజున వెళ్ళి టమాటా మొక్కలు కొంటారు. వారం తిరక్కుండా మళ్ళీ మంచు పడుతుంది, టమాటాలు నల్లబడి చస్తాయి. మే నెల మధ్యలో, ఆఖరి చలి తెస్తారని మంచు సాధువులని పిలిచే ముగ్గురి పండగ రోజులు దాటేదాకా టమాటా జోలికి పోకూడదని ఆ ఊళ్ళో ప్రతి అవ్వా చెబుతుంది. ప్రతివాళ్ళూ తలాడిస్తారు. మొదటి ఎండ తగలగానే ఎవరికీ అవ్వలు గుర్తుండరు.

"టమాటా బల్ల చుట్టూ ఎంత జనమో చూడండి," అన్నాడు నోర్మాన్.

"చూడను. చూస్తే నాకూ ఆశ పుడుతుంది," అంది సొలాంజ్. "మనకు కావలసినవి ఆ చివర ఉంటాయి, చలిలో."

మొక్కల్లో రెండు జాతులున్నాయనుకుంటే సరిపోతుంది. కొన్నిటికి వెచ్చదనం కావాలి. కొన్నిటికి చల్లదనం కావాలి, వేడి తగిలితే అవే నీరసపడతాయి. పాలకూర, లెట్యూస్, ముల్లంగి, బఠాణీ, పిల్లి మొహంలాంటి పాన్సీ పూలు ఈ రెండో జాతి. రాత్రి వీటి మీద మంచు పొర కట్టినా, పొద్దున ఎండకు ఒళ్ళు విరుచుకుని లేస్తాయి. బాల్కనీ కుండీల్లో మట్టి తక్కువ, చలి నాలుగువైపుల నుంచీ తగులుతుంది కాబట్టి ఎంపిక ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

నోర్మాన్ నిండా పూసిన పాన్సీ ఒకటి ఎత్తి చూపించాడు. "ఇది బావుంది."

"పెట్టేయండి. పూలన్నీ ఇక్కడే పూసేసింది, మన ఇంటికి వచ్చి ఏం పూస్తుంది? మొగ్గలున్నది తీయండి. పొట్టిగా, గుబురుగా ఉండాలి. ఇప్పుడు కుండీ అడుగు చూడండి. వేళ్ళు కన్నంలోంచి వేలాడుతున్నాయా?"

"కొంచెం తొంగి చూస్తున్నాయి."

"తొంగి చూస్తే ఫర్వాలేదు. పారిపోవడానికి మూట కట్టుకున్నట్టుండకూడదు." ఆమె అమ్మేవాడివైపు తిరిగింది. "అబ్బాయ్, ఇవి రాత్రిపూట ఎక్కడ పడుకున్నాయి?"

"బయటే పడుకున్నాయి మదామ్, పది రోజులుగా. నేనూ వాటితోపాటే పడుకున్నట్టుంది, చూడండి నా ముక్కు."

వెచ్చటి గాజు గదిలోంచి నేరుగా బాల్కనీ మీదికి తెస్తే ఎంత చలి మొక్కైనా బెదురుతుంది. ముందు రోజుకు కాసేపు, తర్వాత రాత్రంతా బయట పెట్టి అలవాటు చేయాలి. ఎర్రటి ముక్కు సాక్ష్యం సొలాంజ్‌కు నచ్చింది. ఊదారంగు పాన్సీలు తీసుకుంది. లెట్యూస్ నారు, ముల్లంగి విత్తనాలు తీసుకుంది. బఠాణీ విత్తనాల దగ్గర చెయ్యి చాచబోతూ ఉంటే నోర్మాన్ గొంతు సవరించుకున్నాడు.

"సొలాంజ్ గారూ. నేను ఇల్లు ఖాళీ చేస్తున్నా. జూలై ఒకటికి."

ఆ ఊళ్ళో అద్దె ఒప్పందాలన్నీ జూన్ ఆఖరుకు ముగుస్తాయి. జూలై ఒకటిన ఊరు ఊరంతా ఇళ్ళు మారుతుంది. కాని ఉంటారో వెళతారో మార్చిలోనే చెప్పేయాలి. చిక్కంతా అక్కడే ఉంది. మార్చిలో, ఆరో నెల మంచు తవ్వుతూ తవ్వుతూ ఉన్న మనిషికి తన ఇల్లు, తన మెట్లు, తన బతుకు ఏదీ నచ్చదు.

"యుగెట్‌కు చెప్పేశారా?"

"మార్చిలోనే చెప్పాను. మోకాళ్ళు. ఆ లోపలి మెట్లు ఇక నా వల్ల కావడం లేదు. షావినిగన్‌లో మా అన్నయ్య ఇంట్లో కింది గది ఉంది. మెట్లు లేవు."

సొలాంజ్ చెయ్యి బఠాణీల దగ్గర కాసేపు గాల్లోనే ఉండిపోయింది. "మంచిదే," అంది. "మోకాళ్ళు ముఖ్యం కదా." ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. బఠాణీ కాయలు సరిగ్గా జూన్ ఆఖర్లో నిండుతాయి. ఏటా మొదటి కోత సొలాంజ్ ఒలిచి, వెన్న వేసి వేయిస్తే, ఇద్దరూ బాల్కనీ మీద కూర్చుని రొట్టెతో తినేవారు. "ఈసారి బఠాణీలు వద్దులెండి. ఒక్కదానికి ఎందుకు?"

ఆమె డబ్బులిస్తున్నప్పుడు నోర్మాన్ బుట్టలో బఠాణీ పొట్లం ఒకటి వేశాడు. ఆమె చూసింది, తీసేయలేదు.

సొలాంజ్ బఠాణీ తీగలు మనుషులను పట్టుకుంటాయి. పట్టుకోవడం బఠాణీకి పుట్టుబుద్ధి. నులితీగ ఒకటి గాల్లోకి సాచి, తగిలినదాన్ని చుట్టుకుంటుంది. ఊళ్ళో మిగతా బఠాణీలు పుల్లల్ని పట్టుకుంటే, ఈ బాల్కనీ బఠాణీలు మణికట్లను కూడా పట్టుకుంటాయి, అంతే తేడా. వీధిలో అందరికీ అలవాటే. పట్టుకున్నప్పుడు లాక్కోకూడదు, తుంచకూడదు. అది మర్యాద కాదు. పక్కవాళ్ళు కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఎవరో ఒకరు తోడు కూర్చుంటారు. తీగ తనంత తాను వదిలేదాకా ఉండి, తర్వాత ఎవరి దారిన వాళ్ళు పోతారు. పట్టుబడి ఉన్నంతసేపూ మనిషి నాడి తీగలోకి పారుతుంది. కుండీలోని ఆకులన్నీ ఆ మనిషి గుండెతోపాటు మెల్లగా లేచి పడుతుంటాయి. వీధి చప్పుళ్ళు నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టు దూరమవుతాయి. కుండీలో మట్టి నీళ్ళు పీల్చుకునే చప్పుడు వినబడుతుంది.

ఒక ఏడు యుగెట్ ఇల్లు అమ్మేయడానికి సంతకం పెట్టబోతూ, సొలాంజ్‌కు చెప్పిపోదామని పైకొచ్చి దొరికిపోయింది. ఇల్లు కూలగొట్టి గాజు మేడ కడతానన్న ఆసామి కింద కారులో కూర్చుని హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయాడు. యుగెట్ మూడు కప్పుల కాఫీ తాగింది. ఆ తర్వాత అమ్మకం మాట ఎత్తలేదు.

ఏప్రిల్ మధ్యలో సొలాంజ్ బఠాణీలను రాత్రి నానబెట్టి, లోతైన కుండీలో వేలి కణుపు లోతున విత్తింది. మట్టిని అరచేత్తో నొక్కింది. మొలకలు వచ్చాయి. మే మొదట్లో ఒక రాత్రి మంచు పడింది. వీధి పొడవునా ఎదురు బాల్కనీల్లో టమాటాలు, తులసిలాంటి బాసిల్ మొక్కలు నల్లగా వాలిపోయాయి. సొలాంజ్ పాన్సీలు కూడా తలలు వాల్చాయి, కాని ఎండ తగలగానే ఒక్కొక్క మొహమే ఎత్తి, ఏం జరిగిందన్నట్టు చూశాయి.

"చూశావా, నీలాంటివే," అంది యుగెట్ కుర్చీ లాక్కుని. "రాత్రంతా గడ్డకట్టుకుపోతాయి, పొద్దున అడిగితే ఏం లేదంటాయి. అతన్ని ఉండమని అడగవేం?"

"అడగడానికి నేనెవర్ని? ఆయన మోకాళ్ళు నావా?"

"తొడుగులు కుట్టినప్పుడు చేతులు నీవైనట్టే."

"యుగెట్!"

"సరే, నా కాఫీ ఏది? వాటా అయితే ఇచ్చేశాను. గాస్పే నుంచి కొత్త జంట వస్తున్నారు, పియానో కూడా తెస్తారట. ఇప్పుడు నువ్వు అడిగినా మూడో అంతస్తు దొరకదు."

జూన్ నాటికి తీగలు బాల్కనీ కమ్మీలను అల్లుకుని, మెట్ల వైపు వంగాయి. తెల్లటి పూలు పూశాయి. పోస్ట్‌మ్యాన్ దొరికాడు. ఆకులు టకటక ఆడుతుంటే యుగెట్ కింది నుంచి, "నీ గుండె పరిగెడుతోందయ్యా, మెట్లు మెల్లగా ఎక్కు!" అని కేకేసింది. సొలాంజ్ మేనకోడలు దొరికింది. పక్కింటి పిల్లి తోక దొరికింది. నోర్మాన్ మాత్రం దొరకలేదు.

బయటికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆయన బాల్కనీ దాటుతూ కొంచెం ఆగేవాడు. కమ్మీ మీద చెయ్యి పెట్టి, ఎటో చూస్తున్నట్టు నిలబడేవాడు. నులితీగ వచ్చి ఆయన మణికట్టును తాకేది, ఇటూ అటూ వెతుక్కునేది, జారిపోయేది.

ఒక సాయంత్రం సొలాంజ్ నీళ్ళు పోస్తూ అది చూసింది. "మీ చెయ్యి లావు," అంది మెల్లగా. "బఠాణీ సన్నటి పుల్లనే చుట్టుకోగలదు. లావు కొమ్మను పట్టుకోవడం దానికి చేతకాదు. అది దాని తప్పు కాదు, మీ తప్పూ కాదు."

"రొట్టెల కర్రలా ఉంది, కదా," అన్నాడాయన తన చెయ్యి తిప్పి చూసుకుంటూ. లోపలి మెట్ల తలుపు తెరిచి, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ పైకి పోయాడు. సొలాంజ్ కుండీలో నీళ్ళు పొంగి పొర్లేదాకా పోస్తూ ఉండిపోయింది.

జూలై ఒకటిన ఆమె ఇంట్లో ఉండకూడదనుకుంది. పొద్దున్నే లాంగయ్‌లోని చెల్లెలింటికి బస్సెక్కి, చీకటి పడ్డాక తిరిగి వస్తే చాలు. అప్పటికి పైన పియానో మోగుతూ ఉంటుంది. సంచీ సర్దుకుని, టోపీ పెట్టుకుని, పోయేముందు కుండీలకు నీళ్ళు పోద్దామని బయటికొచ్చింది. వేడి మొదలైంది కాబట్టి లెట్యూస్ అప్పుడే నిటారుగా ఎదిగి చేదెక్కిపోయింది. బఠాణీ తీగ అడుగున పసుపు తిరిగింది, పైన కాయలు నిండుగా వేలాడుతున్నాయి. ఆమె నీళ్ళ డబ్బా వంచింది. నులితీగ ఒకటి కాయల మధ్య నుంచి వచ్చి ఆమె మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి నిలిచింది.

అన్నేళ్ళలో అది ఆమెను పట్టుకోవడం అదే మొదలు.

"ఇప్పుడు కాదే," అంది సొలాంజ్. "ఇప్పుడు కాదు, తల్లీ."

మర్యాద మర్యాదే. యుగెట్ కిందినుంచి వచ్చి కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టింది. "తోడు కూర్చుందునే, కాని పియానోవాళ్ళకు తాళం ఇవ్వాలి," అని కిందికి పోయింది. పోతూ పోతూ కళ్ళు చిట్లించి తీగను ఒకసారి చూసి నవ్వుకుంది.

వీధి నిండా బళ్ళు. పరుపులు, ఫ్రిజ్‌లు, పంజరాల్లో పిల్లులు, గదిలో నిలబెట్టే పొడుగు దీపాలు తలకిందులుగా. ఆ చప్పుడంతా క్రమంగా నీళ్ళలోకి దిగిపోయింది. సొలాంజ్‌కు తన గుండె చప్పుడు, మట్టి గుటక వేసే చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. లోపలి మెట్ల తలుపు తెరుచుకుంది. నోర్మాన్ ఒక పెట్టె పట్టుకుని వచ్చాడు. వెనకాల సామాను మోసే కుర్రాళ్ళిద్దరు.

"పట్టుకుందా?" అన్నాడు ఆయన.

"పట్టుకుంది. మీరు కానివ్వండి, కానివ్వండి."

ఆయన ఆమె పక్కనుంచి దాటి కిందికి దిగాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. మళ్ళీ పైకి పోయాడు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి పెట్టెతో వచ్చినప్పుడు బాల్కనీ మధ్యలో ఆగిపోయాడు.

కమ్మీ పొడవునా ఆకులన్నీ వడగాలి తగిలినట్టు అల్లల్లాడుతున్నాయి. గాలి మాత్రం లేదు. ఎదురింటి చెట్టు బొమ్మలా ఉంది. ఆయన నాలుగు మెట్లు కిందికి దిగి, నిలబడి చూశాడు. ఆకులు నెమ్మదించాయి. మళ్ళీ పైకొచ్చాడు. ఆకులు రెక్కలు కొట్టాయి, కాయలు ఒకదానికొకటి తగిలి చిటపటలాడాయి.

సొలాంజ్ రెండో చేత్తో ఆకులను కప్పబోయింది. ఒక చెయ్యి అంత తీగను ఎలా కప్పుతుంది?

"నోర్మాన్!" కింది నుంచి యుగెట్ అరిచింది. "మంచు అద్దంలా తుడిచి తుడిచి నీ కళ్ళు పోయాయా ఏమిటయ్యా? ఇక్కణ్ణించి నాకే కనబడుతోంది!"

వెనకున్న కుర్రాళ్ళు సోఫా మోస్తూ ఇరుకు మెట్ల మీద ఇరుక్కుపోయారు. "సార్, ఇది బరువుగా ఉంది, సార్," అన్నాడు ఒకడు ఓపికగా.

సొలాంజ్ ఆయన మొహం వంక చూడలేదు. ఆయన మోకాళ్ళ వంక చూసింది. అందరూ తన గుండె చూసేశాక ఇంక దాచడానికి మిగిలింది ఏముంది? ఏప్రిల్లో మార్కెట్లో వెనక్కి తీసుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

"ఈ బయటి మెట్లకైతే," అంది, "మీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా?"

"ఈ మెట్లకా?"

"లోపలివి కావు. ఇక్కడిదాకా. నా తలుపుదాకా."

నోర్మాన్ మాట తక్కువ మనిషి, అబద్ధం ఇంకా తక్కువ. కిందికి చూశాడు, మెలిక తిరిగిన మెట్లను పై నుంచి కిందిదాకా లెక్కగట్టినట్టు చూశాడు, ఒక మోకాలు వంచి చూసుకున్నాడు.

"ఇక్కడిదాకా అయితే ఒప్పుకుంటాయి," అన్నాడు. పెట్టెను ఆమె గుమ్మం ముందు దించాడు.

"సార్, సోఫా?"

"అది కూడా ఆ తలుపులోకే, బాబూ. తర్వాత కిందున్న పెట్టెలు కూడా పైకి తెచ్చేయండి. ఇటు పియానో వస్తుంది, దానికి దారివ్వండి. మా అన్నయ్యకు ఫోన్ చేసుకోవాలి నేను."

మోసినవే మళ్ళీ మోయడం ఆ కుర్రాళ్ళకు కొత్త కాదు, జూలై ఒకటిన ఆ ఊళ్ళో ఏమైనా జరుగుతుంది. మూడో అంతస్తు నుంచి దిగినవీ, వీధిలోంచి ఎక్కినవీ రెండో అంతస్తు తలుపులోకి పోయాయి. వాటి పక్కనుంచి పియానో, మంచు కరిగి కాలవలో తేలివచ్చిన దుంగలా, మెల్లగా పైకి సాగిపోయింది. పట్టుబడ్డవాళ్ళకు ఎవరో ఒకరు తోడు కూర్చోవాలి కాబట్టి నోర్మాన్ పీట తెచ్చుకుని సొలాంజ్ పక్కన కూర్చున్నాడు. కాయలు తెంపి ఆమె ఒళ్ళోని టోపీలోకి ఒలవడం మొదలుపెట్టాడు. లావు వేళ్ళు, ఒక్కో గింజా కిందపడుతోంది.

"కాయను వెన్ను దగ్గర నొక్కు," అంది సొలాంజ్. ఆయన్ని నువ్వనడం అదే మొదటిసారి. "బొటనవేలితో. అలా కాదు, ఇలా."

"నువ్వు చూపించు," అన్నాడు ఆయన.

ఆమె రెండు చేతులతో ఒలిచి చూపించింది. పైన ఎవరో పియానో మీద ఒక్క మీట నొక్కి చూశారు, సరిగ్గా పలుకుతుందో లేదో అని. పలికింది. సాయంత్రం ఎండ పాన్సీల మొహాల మీదికి జారింది.

"రెండు చేతులతో ఒలుస్తోంది చూడు," అంది కింద కుర్చీలోంచి యుగెట్, ఎవరితోనో కాదు, వీధితోనే. "ఒసేయ్ సొలాంజ్! తీగ నిన్ను వదిలేసి చాలాసేపయింది!"

సొలాంజ్ వినలేదు. ఇంకో కాయ వెన్ను నొక్కింది.